నిక్షేపధర్మము: వీలునామా, బాలసంరక్షణ, దాయనిర్వహణము

(మన సంఘ వార్షిక మహాసభయందు, బొంరాస్‌పేటలో చేయబడిన ఉపన్యాసము)

  

ఈ మహాసభలో విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహవ్యయమును దగ్గించుటను గూర్చియు పెద్దలు చక్కగా సెలవిచ్చిరి. కార్యనిర్వాహకవర్గమువారు మాకు మఱియొక విషయము నప్పగించిరి. గృహస్థు గతించిన పిమ్మట అతని ఆస్తి యెవరి పాలగును, పసిబిడ్డల వంతు నెవరు కాపాడవలెను, ఆ కార్యమునందు చట్టసహాయ మెట్లు లభించును అనునదియే యా విషయము. పండుగవంటి సభలో మృత్యువును దలపెట్టుట అమంగళమని కొందఱికి దోచవచ్చును. కాని మన పెద్దలు దహనము మొదలు ద్వాదశాహము వఱకు ఏ దినమున ఏ కర్మము చేయవలెనో నియమించిరి. పదుమూడవ దినమున బయలుదేరు ఆస్తితగవును గూర్చి మాత్రము మన యిండ్లలో నే నియమమును లేదు. ఆ లోపమును దీర్చుటకే మా ప్రయత్నము.

మేము సంస్కృతము చదివి, బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి బొందినవారము, న్యాయవాదులము గాము. కావున నేటి చట్టముల తాత్పర్యమును స్థూలముగ మాత్రమే చెప్పెదము. ఎవరి వ్యవహారము వారిది. దాని లోతుపాతులకు న్యాయవాదిని విచారింపవలసినదే. అయినను మేము చెప్పదలచిన సారము ఒక్క వాక్యములో నిమిడియున్నది: పరధనమును చేతబట్టినవాడు దానికి కావలివాడే కాని స్వామి గాడు. సంరక్షకుడైనను, నామినీయైనను, పాసుబుక్కులో పేరుగల యన్నగారైనను అందఱికిని ఇదియే ధర్మము. ఈ యొక్క మాట మఱచుటవలననే మన కుటుంబములలో సగము తగవులు పుట్టుచున్నవని మా విశ్వాసము.

ఇది మా సొంత కల్పన గాదు. మనువు పదునెనిమిది వ్యవహారపదములను జెప్పుచు, ఋణాదానము తరువాత రెండవదిగా నిక్షేపమును బేర్కొనెను. నిక్షేపమనగా నమ్మి దాచుకొమ్మని యొకరి చేతిలో బెట్టిన ధనము. ఆ యెనిమిదవ యధ్యాయమునందే, బాలుని దాయమును అతడు చదువు ముగించి మరలువఱకు గాని బాల్యము గడచువఱకు గాని రాజే కాపాడవలెనని విధించెను. దిక్కులేని స్త్రీల సొత్తునకును అదే రక్షణము చెప్పబడినది. వారు బ్రతికియుండగా ఆ ధనము నపహరించు బంధువులను దొంగలను శిక్షించినట్లే శిక్షింపవలెనని కూడ నచ్చట గలదు. ఆ శాసనము పరాయివారిని గూర్చి చెప్పినది గాదు; సొంత బంధువులను గూర్చి చెప్పినది. స్మృతికారునికి మన యిండ్ల సంగతి బాగుగ దెలియును!

ధర్మశాస్త్రము మన ప్రాంతమునకు దూరపుసొత్తు గాదు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు, 1076 మొదలు 1126 వఱకు రాజ్యమేలిన చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుని కాలమున కల్యాణనగరమునందుండెను. ఆ కల్యాణమే నేడు కర్ణాటకములో బీదరు జిల్లాయందలి బసవకల్యాణము. వంగదేశము తప్ప తక్కిన భారతదేశమున చాలభాగమునకు దాయవిభాగమున ప్రమాణమైన గ్రంథము మన యిరుగుపొరుగున బుట్టినది. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి దెచ్చెను. న్యాయము ప్రజల భాషలో నుండవలెనని యాకాలమునందే మనవారు గ్రహించిరి. నేడు కోర్టు నోటీసు చేతికి వచ్చినప్పుడు అందేమున్నదో తెలియక తల్లడిల్లు విధవరాలిని జూచినప్పుడెల్ల మాకు కేతన జ్ఞప్తికి వచ్చును.

మన బొంరాస్‌పేట సీమకు పరిపాలనపు మార్పులు క్రొత్త గావు. కొడంగలు, తాండూరు తాలూకాలు హైదరాబాదు రాష్ట్రమున గుల్బర్గా జిల్లాలో నుండి, 1956 నవంబరు 1వ తేదీన గుల్బర్గానుండి విడివడి తెలుగు రాష్ట్రమున జేరినవి. మన మండలము చిరకాలము మహబూబునగరు జిల్లాలో నుండి, 2016 అక్టోబరులో వికారాబాదు జిల్లాలో గలిసినది. భూమి లెక్కల పద్ధతియు నట్లే మాఱుచు వచ్చినది. 2020లో ధరణి వచ్చినది. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినది. కచేరి మాఱిన ప్రతిమాఱును, దస్తరము మాఱిన ప్రతిమాఱును నష్టపడువా డెవడు? తండ్రి పోయిన వెంటనే విరాసతు చేయించుకొనని వాడు. తాతగారి సాదాబైనామా కాగితమును పెట్టెలో దాచి మఱచినవాడు. అందఱికంటె నెక్కువగా నష్టపడునది, భర్త పోయిన దుఃఖములో కచేరి గడప ద్రొక్కని యిల్లాలు. కాగితము సకాలమున సరిచేసికొననివాని హక్కు పోకున్నను, దానిని నిరూపించు భారము ఏటేట బెరుగుచుండును.

మొదట వీలునామాను గూర్చి చెప్పెదము. ప్రాచీన ధర్మశాస్త్రములందు మరణశాసనమునకు ప్రత్యేక స్థానము లేదు. ఆంగ్లపాలనలో నది వ్యాపించినది. 1870లో హిందూ వీలునామాల చట్టము పుట్టినది. నేడు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రమాణము. వీలునామా వ్రాయుటకు స్టాంపు కాగితము అక్కఱలేదు; తెల్లకాగితము చాలును. వ్రాయువాడు స్వస్థచిత్తుడై, యుక్తవయస్కుడై, తన సంతకమో వ్రేలిముద్రయో వేయవలెను. కనీస మిద్దఱు సాక్షులు, అతడు సంతకము చేయుటను జూచియో, చేసితినని యతడు చెప్పగా వినియో, అతని యెదుట తాము సంతకములు చేయవలెను. రిజిస్ట్రేషను నిర్బంధము గాదు, చేయించినచో మేలు. రహస్యముగ నుంచగోరువారు సీలువేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపఱచుకొను వీలును గలదు. వ్రాసిన వీలునామాను బ్రతికియున్నంతకాలము మార్చుకొనవచ్చును, రద్దుచేసికొనవచ్చును.

ఇన్ని సౌకర్యములున్నను వీలునామాలు కోర్టులో నేల వీగిపోవుచున్నవి? ఆస్తి పొందువాడే కాగితము తెచ్చి, తానే వ్రాయించి, తానే సాక్షులను బిలిచి, మంచాన బడిన ముసలివాని బొటనవ్రేలు పట్టి ముద్ర వేయించుటవలన. 1958 నవంబరులో వెంకటాచల అయ్యంగారు, తిమ్మజమ్మ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సంగతిని విస్పష్టముగ దెలిపినది. లాభము పొందువాడే వీలునామా వ్రాతలో ప్రధానపాత్ర వహించినచో నది యొక సందేహకారణము. ఆ సందేహమును దొలగించు భారము అతనిదే. కావున మన పెద్దలకు మా మనవి యేమనగా, వీలునామాను ఆరోగ్యముగ నున్నప్పుడు వ్రాయుడు. వాటా పొందువారిని సాక్షులుగ బెట్టకుడు. మీకంటె చిన్నవారిని, ఊరిలో నిలకడగ నుండువారిని సాక్షులుగ నెన్నుకొనుడు. రేపు వివాదము వచ్చినచో, సాక్షులలో బ్రతికియుండి రాగలవా డొక్కడైనను వచ్చి సాక్ష్యమీయవలసి యుండును. ఒక బిడ్డకు తక్కువ యిచ్చినచో నేల యిచ్చితిరో రెండు పంక్తులు వ్రాయుడు. ఆ రెండు పంక్తులు పదియేండ్ల వ్యాజ్యమును తప్పింపగలవు.

ప్రొబేటు అను మాట విని భయపడువారు గలరు. ప్రొబేటనగా వీలునామా నిజమైనదని కోర్టు ధ్రువపఱచి, అందు పేర్కొనబడిన నిర్వాహకునికి, అనగా ఎగ్జిక్యూటరునకు, అధికారమిచ్చుట. నిర్వాహకుడు పేర్కొనబడనిచో నిర్వహణాధికార పత్రము నిత్తురు. మన తెలంగాణపు పల్లెలలోని భూములకు సంబంధించి హిందువుల వీలునామాకు ప్రొబేటు తప్పనిసరియను నియమము లేదు. చెన్నై, ముంబయి నగరములందలి స్థిరాస్తి విషయమున అది చిరకాలము నిర్బంధముగ నుండినది. మనవా రనేకులు ముంబయి, పూనా నగరములకు వలసపోయి, కొంద ఱచ్చటనే గదులు కొనుక్కొనిరి; అట్టివారు అచ్చటి న్యాయవాదిని విచారించియే వీలునామా వ్రాయుట మంచిది. నిర్బంధము లేనిచోటను, వీలునామాపై తగవు రాగలదని తోచినచో ప్రొబేటు పొందుట దీర్ఘకాలశాంతికి మార్గము.

ఇక నామినీ సంగతి. బ్యాంకులో, తపాలా కార్యాలయములో, షేర్లలో ఒకరి పేరు వ్రాయింతుము. అతడే సర్వమునకు యజమానియని లోకము భ్రమపడుచున్నది. 1983 డిసెంబరులో శర్బతీదేవి వ్యాజ్యమున, నామినీ సొమ్మును స్వీకరించుటకే అధికారి, దాని యాజమాన్యము వారసత్వ ధర్మము ననుసరించి పోవునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. షేర్ల విషయమున 2023 డిసెంబరులోను అట్లే చెప్పినది. బీమా విషయమున మాత్రము, భార్యాభర్తలు, తల్లిదండ్రులు, బిడ్డలు నామినీలైనచో 2015 నాటి సవరణ వారికి విశేషస్థాన మొసగినది. మన రైతులకు 2018 ఆగస్టులో ప్రారంభమైన రైతుబీమాలో 5 లక్షల రూపాయలు నామినీ చేతికి వచ్చును. ఆ పేరు భార్యదో, తల్లిదో, చనిపోయిన తండ్రిదో యని ఈ రాత్రి యింటికి బోయి చూచుకొనుడని ప్రార్థించుచున్నాము. పసిబిడ్డ పేరు వ్రాసినచో, ఆ సొమ్మును బిడ్డ పక్షమున స్వీకరించు పెద్దవారి పేరుకూడ వ్రాయింపవలెను.

వీలునామా లేకుండ గృహస్థు గతించినచో 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వర్తించును. అతని స్వార్జితమునకు తల్లి, భార్య, కొడుకులు, కూతుండ్రు మొదటి తరగతి వారసులు. ఒక లెక్క చూడుడు. ఒకనికి సొంతముగ కొనిన కందిచేను 6 ఎకరములు గలదు. తల్లి, భార్య, ఒక కుమారుడు, ఇద్దఱు కుమార్తెలు గలరు. వారసు లైదుగురు. 6 ఎకరములనగా 240 గుంటలు. ఒక్కొక్కరికి 48 గుంటలు, అనగా 1 ఎకరము 8 గుంటలు. ఈ లెక్క మా బడిలో నైదవ తరగతి బాలుడు చేయగలడు. కాని మన రచ్చబండపై నేమి జరుగుచున్నది? ముసలితల్లిని లెక్కలోనికి దీసికొనరు. పెండ్లియైన కూతునకు చీరె పెట్టి సంతకము తీసికొందురు. భార్య పేరు పాసుబుక్కులో నెక్కింతుమని చెప్పి మఱతురు. ఆరు ఎకరములు కొడుకొక్కనికే చేరును.

పిత్రార్జితమున లెక్క వేఱు. అందు కుమార్తెకును పుట్టుకతోడనే కుమారునితో సమానమైన హక్కు గలదు. ఈ దారిలో మన తెలుగువారే ముందు నడచిరి. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ, 1985 సెప్టెంబరు 5వ తేదీకి వివాహము గాని కుమార్తెలకు ఆ హక్కు నిచ్చినది. 2005 సెప్టెంబరు 9వ తేదీన దేశమంతటను కుమార్తెల కందఱకు అది లభించినది. ఆనాటికి తండ్రి బ్రతికియుండనక్కఱలేదని 2020 ఆగస్టు 11వ తేదీన వినీతాశర్మ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందు సక్రమముగ జరిగిన విభాగములు మాత్రము కదలవు. మితాక్షర కుమారునికి జన్మముచేత హక్కు చెప్పినది. నేటి చట్టము ఆ జన్మహక్కును కుమార్తెకును విస్తరించినది. శాస్త్రము చదివిన మా బోంట్లకు ఇందు శాస్త్రవినాశము గనబడుటలేదు. శాస్త్రమునకు సంపూర్ణత గనబడుచున్నది.

మఱియొక భ్రమ గలదు. విధవరాలు పునర్వివాహము చేసికొన్నచో ఆమెకు మొదటి భర్తనుండి వచ్చిన వాటా పోవునని మన కులపెద్ద లిప్పటికిని చెప్పుచున్నారు. చట్టమున నట్లు లేదు. భర్త మరణించిన క్షణముననే ఆమె వాటా ఆమెదైనది. అది ఆమె పూర్ణస్వత్వము. దానిని వెనుకకు దీసికొను నధికారము పంచాయతికి లేదు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు, పసిబిడ్డల సంరక్షణకు వచ్చుచున్నాము. మేము ముప్పదియేండ్లకు పైగా బడిలో చేర్చుకొను రిజిస్టరు వ్రాసితిమి. అందు తండ్రి లేక సంరక్షకుని పేరు అను నొక గడి గలదు. తండ్రి లేని పిల్లవానిని చేర్పించుటకు పెదతండ్రి వచ్చును, పినతండ్రి వచ్చును, మేనమామ వచ్చును. ఆ గడిలో వారి పేర్లే వ్రాయుదుము. కాని బడిరిజిస్టరులో పేరెక్కినంత మాత్రమున వారు బిడ్డ యాస్తికి సంరక్షకులు గారు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టము ప్రకారము సహజసంరక్షకులు తండ్రి, తరువాత తల్లి. పెదతండ్రి గాడు, తాత గాడు. తండ్రి బ్రతికియున్నను బిడ్డ బాధ్యత వహింపనిచో తల్లియే సంరక్షకురాలు కాగలదని 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినది.

ఆ తల్లికైనను బిడ్డ సొంత స్థిరాస్తిని ఇష్టానుసారము విక్రయించు నధికారము లేదు. విక్రయమునకు గాని, తనఖాకు గాని, అయిదేండ్లకు మించిన కౌలునకు గాని ముందుగ కోర్టు అనుమతి పొందవలెను. బిడ్డకు అత్యవసరమో, స్పష్టమైన మేలో కలుగునని తోచినప్పుడే కోర్టు అనుమతి నిచ్చును. అనుమతి లేని విక్రయమును ఆ బిడ్డ 18 ఏండ్లు నిండిన పిదప మూడేండ్లలోపల దావా వేసి రద్దు చేయించుకొనవచ్చును. ఇక పెదతండ్రియో మేనమామయో, కోర్టు నియామకము లేకయే, సంరక్షకుడనని చెప్పి చేసిన విక్రయమునకు చట్టమున బలమే లేదు. తల్లిదండ్రు లిద్దఱును లేనిచోట, 1890 నాటి సంరక్షకుల చట్టము క్రింద కోర్టును గోరి నియామకము పొందవలెను. అప్పుడైనను బిడ్డ క్షేమమే పరమప్రమాణము. అవిభక్త కుటుంబపు ఉమ్మడి యాస్తిలో బిడ్డకుగల వంతునకు వేఱు నియమములు గలవు. కుటుంబావసరమునకు కర్త కొంత అధికారము కలిగియుండును. మనకున్న భూమి యే రకమైనదో ముందుగ తెలిసికొనుట అందువలననే యవసరము.

బడిలో పనిచేయువారికి ఇచ్చట నొక మాట. బిడ్డ వయసు నిరూపించునది పుట్టిన తేదీ. జననధ్రువపత్రము లేని పల్లెటూరి బిడ్డకు బడిరిజిస్టరే యాధారము. ఏప్రిల్ నెల దాటిన బిడ్డకు జూన్ 1వ తేదీ వేసి సరిపెట్టు అలవాటు వలన, ఆ మూడేండ్ల గడువులో నెలలు తాఱుమాఱగును. ఆ నెలలలో ఎకరములు పోవును. కావున మా వృత్తిసోదరులు ఆ గడిని శ్రద్ధతో నింపవలెనని కోరుచున్నాము.

బాలసంరక్షణ యెంత ఫలము నిచ్చునో చూపుటకు కోస్తాతెలుగునాటి యొక వృత్తాంతమును చెప్పెదము. పిఠాపురము జమీందారు గంగాధర రామారావుగారు 1890లో గతించిరి. వారికి దత్తపుత్రు డొకడు గలడు. తరువాత 1885లో పుట్టిన బాలుడు సూర్యారావు. సంస్థానము సూర్యారావునకు జెందవలెనని తండ్రిగారు వీలునామా వ్రాసియుండిరి. దత్తపుత్రుడు వ్యాజ్యము వేసెను. బాలుని పక్షమున కోర్టు ఆఫ్ వార్డ్సు, అనగా పసివారి సంస్థానములను నిర్వహించు ప్రభుత్వశాఖ, నిలిచి పోరాడినది. 1899లో లండనులోని ప్రీవీకౌన్సిలు, అవిభాజ్యమైన అట్టి సంస్థానమును వీలునామా ద్వారా ఇచ్చుకొను నధికారము జమీందారునకు గలదని తీర్పు చెప్పినది. బాలుడు పెరిగి పెద్దవాడై, మహారాజా సూర్యారావుగారై, ఆంధ్రసాహిత్యపరిషత్తునకు పోషకుడై, సూర్యరాయాంధ్ర నిఘంటువునకు ద్రవ్యమొసంగిరి. ఆ నిఘంటువు తొలిసంపుటము 1936లో వెలువడినది. తెలుగు చదువు మాకు జీవనాధారమైనది గనుక, ఆ నిఘంటువు తెఱచినప్పుడెల్ల ఒక బాలుని సొత్తును పరులు కాపాడి యప్పగించిరను సంగతి మాకు దోచుచుండును. రాజబిడ్డకు ప్రభుత్వము కావలి గాచెను. నాపరాతి గనిలో కూలిచేసి మరణించినవాని బిడ్డకు కావలి యెవరు? మొదట చట్టము, తరువాత మనము.

కావలివాని విధు లేవి? నిర్వాహకునిగ కోర్టు అధికారము పొందినవాడు, ఆఱునెలలలోపల ఆస్తి పట్టికను, ఏడాదిలోపల జమాఖర్చు లెక్కను కోర్టునకు సమర్పింపవలెను. చెల్లింపులకు నొక క్రమము గలదు. మొదట అంత్యక్రియల యుచితవ్యయము. పిదప అధికారపత్రము పొందుటకైన ఖర్చు. పిదప మృతుని మరణమునకు ముందు మూడునెలలలో పనిచేసిన కూలీల, పనివారల జీతము. ఆ తరువాతనే తక్కిన యప్పులు. అప్పులు తీరిన పిదపనే వారసుల పంపకము. కూలివాని బాకీ, వడ్డీవ్యాపారి బాకీకంటె ముందు తీర్పవలెనన్న నియమములో ఎంత ధర్మమున్నదో గమనింపుడు. ఇక అప్పులవారు విధవరాలిని, బిడ్డలను బెదరించునప్పుడు వారు తెలిసికొనవలసినది గలదు: మృతుని అప్పునకు వారసులు తాము పొందిన ఆస్తిమేరకే బాధ్యులు. కొడుకు పుత్రధర్మముచేత తండ్రి అప్పు తీర్పవలెనను పాతనియమము 2005 సవరణ తరువాత చేసిన యప్పులకు లేదు.

పత్రముల విషయమునను స్పష్టత వలయును. తహసీల్దారు ఇచ్చు కుటుంబసభ్యుల ధ్రువపత్రము కుటుంబములో నెవరెవరు గలరో చెప్పును. బ్యాంకు సొమ్ము, బాకీలు, షేర్ల వంటి చరాస్తికి వివాదము వచ్చినచో కోర్టునుండి వారసత్వ ధ్రువపత్రము, అనగా సక్సెషన్ సర్టిఫికేటు, పొందవలెను. అది భూమికి వర్తింపదు. భూమికి విరాసతు చేయింపవలెను. విరాసతులో పేరెక్కుట శిస్తులెక్క కొఱకే కాని, దానంతటనది యాజమాన్యము నీయదని న్యాయస్థానములు పలుమాఱులు చెప్పినవి. పెద్దన్న పేరు పాసుబుక్కులో నున్నంత మాత్రమున తమ్ముల, చెల్లెండ్ర హక్కులు చావవు. అతడును నిక్షేపధారియే.

ఇంత వ్యవహారమునకు ధనమెక్కడిదని కొందఱడుగుదురు. 1987 నాటి న్యాయసేవల చట్టము 1995 నవంబరు 9వ తేదీనుండి అమలులో నున్నది. దాని ప్రకారము స్త్రీలకు, బాలురకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, దివ్యాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము లభించును. తక్కినవారికి ఆదాయపరిమితి గలదు. కావున విధవరాలు, అనాథబాలుడు వకీలు ఫీజునకై ఉన్న చేను తనఖా పెట్టనక్కఱలేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక అర్జీ పెట్టుకొన్న జాలును. 15100 సంఖ్యకు ఫోను చేసి కూడ తెలిసికొనవచ్చును. అన్నదమ్ముల తగవులకు లోక్ అదాలత్ శ్రేష్ఠము. అచ్చటి రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ గలదు, అప్పీలు లేదు, నడుచుచున్న దావాలో కట్టిన కోర్టు రుసుము వాపసు వచ్చును. అయితే దావాలో మైనరు బిడ్డ పక్షమున రాజీ చేయుటకు కోర్టు అనుమతి వలయును. కులపెద్దల సమక్షమున వ్రాసికొన్న రాజీ, ఆ బిడ్డను బంధింపదు.

ఈ మాట చెప్పుచు మేము పెద్దల యెదుటనే యొక విన్నపము చేయుచున్నాము, ఆగ్రహింపకుందురుగాక. మన సంఘము పంచాయతులు చేసి అనేక కుటుంబములను కోర్టుఖర్చులనుండి కాపాడినది, అది నిజము. కాని శాంతి పేరిట మన మెవరిని మౌనముగ నుండుమనుచున్నామో విచారింపవలెను. తగవులో బలహీనుని వాటాను బలవంతునికిచ్చి, ఇద్దఱిచేతను చేతులు కలిపించుట రాజీ గాదు. తండ్రి పోయిన పదునైదు దినములకే కూతునిచేత హక్కు వదలుకొన్నట్లు వ్రాయించుట ధర్మము గాదు. అట్టి స్థిరాస్తి త్యాగపత్రము రిజిస్టరు గానిచో నది కోర్టులో నిలువదు కూడ. ధర్మమునకు దూరమై, చట్టమునకు దూరమైన కాగితమునకు మన సంఘముద్ర యేల?

కావున ఈ మహాసభకు నాలుగు సూచనలు చేయుచున్నాము.

మొదటిది: ప్రతి గ్రామశాఖయు తండ్రినిగాని తల్లినిగాని కోల్పోయిన మైనరు బిడ్డల పట్టిక నుంచవలెను. పుట్టిన తేదీ, ఆస్తి వివరము, 18 ఏండ్లు నిండు తేదీ అందు వ్రాయవలెను. ఆ తేదీ వచ్చిన నెలలో సంఘకార్యదర్శి ఆ బిడ్డను బిలిచి, నీ యాస్తి యిది, నీ హక్కు లివి యని చెప్పవలెను.

రెండవది: ప్రతి శాఖలోను చదువుకొన్న పురుషు డొకడు, చదువుకొన్న స్త్రీ యొకతె కాగితముల సహాయకులుగ నుండవలెను. మరణధ్రువపత్రము, కుటుంబసభ్యుల పత్రము, విరాసతు దరఖాస్తు, న్యాయసహాయపు అర్జీ వ్రాసిపెట్టుట వారి పని. స్త్రీ యుండుట అత్యావశ్యకము; విధవరాలు మగవారి గుంపులో తన మాట చెప్పలేదు.

మూడవది: స్త్రీ హక్కు వదలుకొను కాగితమునకు మన పెద్ద లెవరును, ఆమె న్యాయవాదితో నొంటరిగా మాటాడినదని నిశ్చయించుకొనక సాక్షిసంతకము చేయరాదు.

నాలుగవది: అనాథబాలుర పేరిట పోషకు లిచ్చు విరాళములు పెద్దల చేతికి గాక, బిడ్డల పేరిట బ్యాంకులో జమ కావలెను, దాని లెక్క ప్రతి వార్షికసభలో చదువబడవలెను. దాత పేరు మాత్రమే చదివి లెక్క చదువని సభ అసంపూర్ణము.

పోషకమహాశయులారా! మీరు కట్టించిన వసతిగృహముపై మీ పేరు చెక్కబడును, అది తగినదే. కాని ఒక బిడ్డ వంతు భూమిని కాపాడి, 18వ యేట అతని చేతికి లెక్కతో నప్పగించిన వాని పేరు ఏ ఱాతిపైనను చెక్కబడదు. ఆ బిడ్డ దున్నిన చేలో, ఆ చేలో పండిన కందిలో నది నిలుచును. నిక్షేపమును నిష్కళంకముగ మరల నిచ్చుటకంటె గొప్ప దానము లేదని మా నమ్మకము. ఎందుకనగా దానములో మన సొత్తు నిత్తుము, ఇందు మన లోభమునే యిచ్చివేయుదుము.

ఈ సూచనలను తీర్మానరూపమున స్వీకరింప బ్రార్థించుచు, సెలవు గైకొనుచున్నాము.

స్వస్తి.